అడ్డపొగ మామ్మ

శనివారం మధ్యాహ్నం ల్యాబ్‌లో పని ముగించుకుని కోటు విప్పుతుంటే కరుణ ఫోన్ చేసింది. వాళ్ళమ్మ వెళ్ళిపోయిందని చెప్పింది. పొద్దున టీ తాగి, రెండిడ్లీలు తిని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కింద పార్కింగ్ లాట్‌లో ఎవరి కారు కదిలిందో ఎవరిది కదల్లేదో చూస్తూ ఉందట. కరుణ బట్టలు డ్రయర్‌లో వేసి తిరిగొచ్చేసరికి నిద్రపోయినట్టు తల వాల్చి ఉందట. ఆయాసపడలేదు, దగ్గలేదు, ఎవర్నీ పిలవలేదు. "ఊపిరాడక పోతుందేమోనని ఎన్నేళ్ళు భయపడ్డాం అక్కా. అలా మాత్రం పోలేదు," అని కరుణ రెండుసార్లు అంది. ఆ గొంతులో ఏడుపుతో పాటు ఇంకోటి కూడా వినపడింది. పందెం నెగ్గినవాళ్ళ గొంతులో ఉండేలాంటిది.

ఆవిడ నాకు చుట్టం కాదు. న్యూజెర్సీలో నేను పనిచేసే ఆసుపత్రి పరిశోధనశాలకి తన ఊపిరితిత్తుల్లోంచి కాసిని కణాలు ఇచ్చిన మనిషి. ఆవిడ పేరు ఇక్కడ రాయను. మా రికార్డుల్లో ఆవిడకి పేరు బదులు ఒక నంబరు ఉండేది. అదీ రాయను. నేను మామ్మ అనేదాన్ని. మొదటిరోజు ఇక్కడి అలవాటు కొద్దీ ఆంటీ అని పిలిస్తే, అటూ ఇటూ చూసి, ఆంటీ ఎవర్తె అని అడిగింది.

శ్రీకాకుళం తీరంలో సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టింది. నెత్తిన గంపతో చేపలమ్మి పిల్లల్ని పెంచింది. కూతురు కరుణ డయాలిసిస్ నర్సుగా న్యూజెర్సీలోని పార్సిప్పనీ వచ్చి స్థిరపడ్డాక, అల్లుడు రాజు పట్టుబట్టి ఆవిణ్ణి తీసుకొచ్చాడు. నేను చూసేనాటికి డెబ్బై దాటాయి. నూలుచీర మీద మగవాళ్ళ మందపాటి పఫర్ జాకెట్, కాళ్ళకి తెల్లటి స్నీకర్లు. గుసగుసలాడటం చేతనయ్యేది కాదు. వీధి ఈ కొసనుంచి ఆ కొసకి వినపడేలా చేపల పేర్లు అరిచిన గొంతు, చర్చిలో ప్రార్థన మధ్య పక్కావిడని గ్లాసుడు నీళ్ళడిగినా వెనక వరసదాకా వినిపించేది. మాట మొదలుపెట్టేముందు అరచేత్తో తొడ మీద ఒక్కటి చరిచేది. అన్నిటికన్నా నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఆవిడ పలకరింపు. ఎవరు ఎదురొచ్చినా రెండు చేతులతో దగ్గరకి లాక్కుని, చొక్కా కాలరు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. చేప తాజాదో కాదో చూసినట్టు. వాసన తగలకపోతే వీపు తట్టి వదిలేసేది. తగిలితే ఇక వదిలేది కాదు.

ఆవిడ నాకు పరిచయమైన రోజు సంగతి చెప్పాలి. మా విభాగంలో లిండా అని ఒక రీసెర్చ్ నర్సు. పరిశోధనకి ముందుకొచ్చే రోగుల వివరాలు రాసుకోవడం ఆమె పని. ఒకరోజు నన్ను కిందికి రమ్మని ఫోన్ చేసింది. తెలుగు మాట్లాడే పేషెంటు వచ్చిందనీ, ఫోన్‌లో దుబాసీని పెడితే ఆ దుబాసీకి కూడా ఆమె తెలుగు అర్థం కావట్లేదనీ చెప్పింది. వెళ్ళేసరికి స్పీకర్ ఫోన్‌లో ఎవరో అమ్మాయి మర్యాదగా క్షమాపణలు చెప్పుకుంటోంది. మామ్మ ఆ ఫోన్‌కేసి జాలిగా చూస్తోంది.

లిండా అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. రోజుకి ఎన్ని సిగరెట్లు, ఎన్నేళ్ళు? మామ్మ జవాబూ ఒక్కటే. సిగరెట్టు జన్మలో ముట్టలేదు. లిండా కంప్యూటర్‌లో సున్నా కొట్టబోతుంటే నేను ఆపి, మరి ఈ ఆయాసం ఎలా వచ్చిందని అడిగాను.

"సుట్ట, తల్లీ. అడ్డపొగ," అంది.

లిండా చేతిలోని పెన్ను తీసుకుని, వెనక్కి తిప్పి, ఒక కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసి చూపించింది. వెలిగించిన కొస లోపలికి, చల్లటి కొస బయటికి. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోతుంది, నోట్లో నిప్పు ఆరదు. రెండు చేతులూ గంప మీద ఉంటాయి, చుట్ట దాని మానాన అది కాలుతుంది. వాళ్ళమ్మ అలాగే కాల్చింది, అమ్మమ్మ అలాగే కాల్చింది. పన్నెండేళ్ళప్పుడు తనూ మొదలుపెట్టింది. పంటి డాక్టరు ఆవిడ అంగిలి చూసి ఏడాదికి రెండుసార్లు రమ్మన్నాడు. అది ఎండిన చెరువు నేలలా బీటలుదేరి ఉండేది. దేవుడి దయవల్ల కాన్సర్‌లోకి దిగలేదు.

లిండా పెన్ను తుడుచుకుంది. తర్వాత, ఇది రాయడానికి ఫారంలో గడి లేదని చెప్పింది. మా పరిశోధనలో చేరాలంటే ఇన్నేళ్ళు ఇన్ని సిగరెట్ పెట్టెలు కాల్చి ఉండాలని లెక్క ఉంది. చుట్టకి పెట్టె లేదు. లెక్క లేనివాళ్ళని తీసుకోకూడదు. నేను ఆ సంగతి తెలుగులో చెప్తే మామ్మ తొడ మీద చరిచింది.

"యాభై ఏళ్ళు నిప్పు నోట్లో ఎట్టుకున్నాను. నా పొగ లెక్కలోకి రాదేటి?"

ఆ మాట నన్ను పట్టుకుంది. నిజానికి అప్పుడు నా పరిస్థితీ అంత బాగాలేదు. పొగ వల్ల ఊపిరితిత్తులు పాడైన జబ్బుని ఇక్కడ సీఓపీడీ అంటారు. మన ఊపిరితిత్తుల్లో కాపలా కణాలుంటాయి. లోపలికొచ్చిన దుమ్మునీ బాక్టీరియానీ మింగెయ్యడం వాటి పని. ఏళ్ళ తరబడి పొగ పీల్చినవాళ్ళలో ఈ కాపలావాళ్ళ సంఖ్య తగ్గదు, పైగా పెరుగుతుంది. కానీ పని చెయ్యరు. శత్రువు పక్కనే ఉన్నా మింగరు. అందుకే ఈ జబ్బు ఉన్నవాళ్ళకి చలికాలం వస్తే ఇన్‌ఫెక్షన్ మీద ఇన్‌ఫెక్షన్. పొగలోని విషం కణాల లోపల తుప్పులాంటిది పట్టిస్తుంది. ఆ తుప్పుని ఎదుర్కునేవే యాంటీఆక్సిడెంట్లు. బ్రకోలి మొలకల్లో దొరికే ఒక పదార్థం, కణం తన తుప్పు తనే వదిలించుకునేలా చేస్తుంది. అది ఇస్తే ఈ నిద్రపోతున్న కాపలావాళ్ళు లేచి మళ్ళీ మింగడం మొదలుపెడతారా? ఇదీ నా ప్రశ్న. మూడేళ్ళుగా దీనిమీదే ఉన్నాను. అప్పటికి వచ్చిన శాంపిల్స్‌లో కొన్ని కణాలు చచ్చిపోయాయి, కొన్నిట్లో తేడా కనపడలేదు. ఇంకొన్ని చూసి ఫలితం లేకపోతే ప్రాజెక్ట్ మూసేద్దామని మా బాస్ మెత్తగానే చెప్పింది. ప్రాజెక్ట్ మూస్తే నా ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వీసా పోతుంది.

మా బాస్ దగ్గరికెళ్ళి చుట్ట సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. పొగాకు బరువు తెలిస్తే సిగరెట్లలోకి మార్చొచ్చని, ఆధారం తీసుకొస్తే పరిశోధన నియమాలు చూసే కమిటీ ముందు పెడతానని చెప్పింది.

ఆధారం కోసం మామ్మ ఊళ్ళో ఉన్న చెల్లెలి కూతురికి ఫోన్ చేసింది. ఆ పిల్ల చుట్టల కట్ట ఒకటి కొని, చేపల కాటా మీద పెట్టి, అంకె కనపడేలా వీడియో తీసి వాట్సాప్‌లో పంపింది. వెనకాల ఎవరో సందువ చేప ధర అడుగుతున్నారు. ఎన్నేళ్ళు, రోజుకెన్ని అన్నది మామ్మ తనకి తెలిసిన పద్ధతిలో చెప్పింది. పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు రెండు. పెద్ద తుపానొచ్చి పడవలు పోయినేడు ఆరు. మొగుడు పోయిన ఏడాది లెక్కే లేదు, నిద్రలో తప్ప నోరు ఖాళీ లేదు. నేను రాసుకుంటూ పోయాను. అన్నీ కూడితే మా పరిశోధనలో ఏ సిగరెట్ మనిషీ ఆవిడ దరిదాపుల్లో లేడు. కమిటీ ఒప్పుకుంది. ఫారంలో కొత్త గడి ఒకటి చేరింది. లిండా దాన్ని ప్రింట్ తీసి చూపిస్తే మామ్మ వేలితో ఆ గడి చుట్టూ ఒకసారి రాసి, తల ఊపింది.

చుట్ట ఎలా మానిందో ఆవిడ నోటితో వింటేనే బాగుంటుంది. కనీసం పదిసార్లు విన్నాను. అమెరికా వచ్చిన కొత్తలో, ఫిబ్రవరిలో, అపార్ట్‌మెంట్ బాత్రూములో తలుపేసుకుని కాలుస్తుంటే ఫైర్ అలారం మోగింది. మూడంతస్తుల జనం మంచులోకి దిగారు. ఫైరింజన్ వచ్చింది. హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు పొయ్యి చూశారు, హీటర్ చూశారు, మంచాల కింద చూశారు. నిప్పు దొరకలేదు. మామ్మ మూసిన నోటితో మంచులో నిలబడి ఉంది, ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది. చలికి వచ్చే ఆవిరే అనుకున్నారు అందరూ. "నిప్పు నా నోట్లో ఉన్నాది, ఆలు ఇల్లంతా ఎతుకుతన్నారు" అని చెప్పి, అక్కడ తనే నవ్వి, నవ్వుకి దగ్గు తెచ్చుకునేది. దగ్గు తగ్గాక నవ్వు మానేసి మిగతాది చెప్పేది. ఆ గుంపులో ఒక బాలింత, పది రోజుల బిడ్డని దుప్పట్లో చుట్టుకుని వణుకుతూ నిలబడి ఉంది. ఆ బిడ్డని చూసి మామ్మ చుట్ట మంచులోకి ఉమ్మేసింది. మళ్ళీ ముట్టలేదు. నెలల తరబడి కరక్కాయ ముక్క నోట్లో పెట్టుకుని గోడలు పట్టుకు తిరిగిందని కరుణ చెప్పింది. మా దగ్గరకి వచ్చేనాటికి మానేసి ఆరేళ్ళు.

ఇక అంగీకార పత్రం. ఎవరో ఆఫీసులో కూర్చుని చేసిన తెలుగు అనువాదం అది. శ్వాసనాళాంతర దర్శన ప్రక్రియ అని మొదలైంది. రెండు వాక్యాలు చదవగానే మామ్మ ఇది ఏ బాస అని అడిగింది. పక్కన పెట్టి మామూలుగా చెప్పాను. మత్తిచ్చి, సన్నటి గొట్టం ఊపిరితిత్తుల్లోకి పంపి, ఉప్పునీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు వెనక్కి లాగుతారు. ఆ నీళ్ళలో మాకు కావలసిన కణాలుంటాయి. కొద్దిగా ప్రమాదం ఉంది. మందు మీకు ఇవ్వం, గిన్నెలో ఉన్న కణాలకి మాత్రమే ఇస్తాం. మీకు నేరుగా ఏ లాభమూ ఉండదు. ఈ ఆఖరి మాట చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే. ఆవిడ కాసేపు ఆలోచించింది.

"ఒలలో పడ్డ సేపలన్నీ మన కూరకేనేటి?" అని, పెన్ను అందుకుని, అమెరికా వచ్చాక మనవరాలి దగ్గర నేర్చుకున్న సంతకం చేసింది. నాలుగక్షరాలకి నాలుగు నిమిషాలు పట్టింది. ఎవర్నీ తొందరపెట్టనివ్వలేదు.

అయితే గొట్టం వెయ్యాలంటే ఊపిరి కనీసం ఇంత ఉండాలని ఒక హద్దు ఉంది. ఊదే పరీక్షలో ఆవిడ ఆ హద్దుకి కాస్త కిందే ఆగిపోయింది. టెక్నీషియన్ కుర్రాడు బ్లో, బ్లో, బ్లో అని చప్పట్లు కొడుతుంటే ఆవిడకి నవ్వొచ్చి మధ్యలో ఊపిరి వదిలేసింది. ఇన్‌హేలర్ ఇచ్చి ఇంకోరోజు రమ్మన్నారు. రెండో అవకాశం, అదే ఆఖరిది. నేను పక్కన నిలబడి, గాలి ఆగకుండా చివరిదాకా వదలాలని వివరించాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. వీధి మొదట్లో మొదలెట్టిన కేక వీధి చివర్న ఆపాలి, అంతేనా అని అడిగింది. అంతే అన్నాను. టెక్నీషియన్ని అరవొద్దని సైగ చేశాను.  మామ్మ ఊదింది. మొహం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి, కాళ్ళు నేల మీద ముందుకి జరిగాయి, నిజంగా వీధి నడుస్తున్నట్టే. తెరమీద గీత హద్దు దాటి ఆగింది. ఆవిడకి తెర చదవడం రాదు. నా మొహం చూసి తెలుసుకుంది.

గొట్టం వేసిన రోజు ఉదయం, ఆ నీళ్ళ ట్యూబుల్ని ఐసులో పెట్టుకుని నేనే స్వయంగా మెట్లెక్కి ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. నీళ్ళు కాస్త బూడిద రంగుగా ఉన్నాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే కణాలు గుండ్రంగా, పెద్దగా, ఒళ్ళంతా గోధుమరంగు చుక్కలతో ఉన్నాయి. ఆరేళ్ళ కిందటి మసి ఇంకా మోస్తున్నాయి. కానీ బతికి ఉన్నాయి. అంత ఆరోగ్యంగా బతికి ఉన్న కణాలు నా చేతికి అంతకుముందు రాలేదు.

సగం గిన్నెల్లో బ్రకోలి పదార్థం కలిపాను, సగంలో కలపలేదు. మరునాడు అన్నిట్లోకీ ఆకుపచ్చగా మెరిసేలా రంగు వేసిన బాక్టీరియా వదిలాను. ఏ గిన్నె ఏదో నాకు తెలియకుండా నా పక్క బెంచీ అమ్మాయి చీటీలు మార్చేసింది. మన కోరిక మన కళ్ళని మోసం చేస్తుంది కాబట్టి అలా చెయ్యడం మా పద్ధతి. ఒక్కో కణం లోపల ఎన్ని ఆకుపచ్చ చుక్కలున్నాయో లెక్కపెడుతూ రెండు రోజులు కూర్చున్నాను. కొన్ని గిన్నెల్లో కణాలు ఖాళీగా, పక్కనే ఉన్న చుక్కల్ని పట్టించుకోకుండా ఉన్నాయి. కొన్నిట్లో కణాలు నిండిపోయి ఉన్నాయి, బొరుగులు తిన్న బుగ్గల్లా. ఆ అమ్మాయి చీటీలు విప్పింది. నిండినవన్నీ మందు కలిపిన గిన్నెలే. ఒక్కటి కూడా తప్పలేదు. నేను మొదటి గిన్నె మళ్ళీ మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఆ అమ్మాయే వెళ్ళి బాస్‌ని పిలుచుకొచ్చింది.

తర్వాత వచ్చిన శాంపిల్స్‌లోనూ అదే దారి కనిపించింది, కొన్నిట్లో ఎక్కువ, కొన్నిట్లో తక్కువ. ప్రాజెక్ట్ మూతపడలేదు. నేనూ ఇక్కడే ఉన్నాను.

మామ్మకి తన కణాలు చూడాలని ఉందని కరుణ అడిగింది. బాస్ కమిటీకి రాసి అనుమతి తెచ్చింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం అల్లుడు రాజు ఆవిణ్ణి కారులో తీసుకొచ్చాడు. రాజు మంచివాడు. ఐటీ కన్సల్టెంటు, నలభై ఏళ్ళుంటాయి. ఆఫీసుకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కారులో అద్దం దించి సిగరెట్ కాలుస్తాడు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. కాలరు వాసన చూసే మామ్మ ఒక్క రాజు దగ్గర మాత్రం ముక్కు తిప్పుకునేది.

చీకటి గదిలో తెర ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టి రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాను. ఒకటి మందు లేనిది, ఒకటి ఉన్నది.

"ఈయి నాయేనా?"

"మీవే మామ్మా."

చాలాసేపు చూసింది. గోధుమరంగు మచ్చల మీద వేలు పెట్టి, ఇది సుట్టా అని అడిగింది. అవునన్నాను. ఆకుపచ్చ చుక్కల మీద వేలు పెట్టింది. అవి పురుగులు, మీ కణాలు వాటిని మింగాయి అన్నాను. ఆవిడ మొహం మీద తెర వెలుగు పడి ఉంది. అంత సంతోషంగా ఒక మనిషి మొహం వెలగడం నేను ల్యాబ్‌లో అంతకుముందు చూడలేదు.

"అయితే సచ్చిపోలేదన్నమాట. కూకున్నారు, అంతే. లెగమంటే లెగిసినారు."

అప్పుడే నిజం చెప్పాలి కాబట్టి చెప్పాను. ఇది గిన్నెలో జరిగింది. మనిషి ఒంట్లో జరుగుతుందని ఇంకా ఎవరూ చూపించలేదు. మాత్రలుగా మింగించి చూస్తే, గిన్నెలో కనపడ్డంత ఫలితం మనుషుల్లో కనపడకపోవచ్చు. దారి దొరికింది, ఊరు ఇంకా దూరం. ఆవిడ శ్రద్ధగా వింది. బాధపడలేదు. తొడ మీద చరిచి, వెనక్కి తిరిగింది.

"అల్లుడుగారూ, ఓపాలి ఇలా రండి."

రాజు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వచ్చాడు.

"ఇంతకాలం మీకేటీ సెప్పలేదు. నానే తాగినదాన్ని, ఏ మొగమెట్టుకుని సెప్పాల అని ఊరుకున్నాను. ఇయ్యాల సూడండి. ఒగ్గేసి ఆరేళ్ళయినా మసి ఒదల్లేదు. అయినా లోపలున్నోళ్ళు బతికే ఉన్నారు. మీవోళ్ళు ఇంకా కుర్రోళ్ళు. ఆలకి పని సెయ్యనియ్యండి."

రాజు తెరకేసి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లగా కారు దగ్గరికి నడిపించుకెళ్ళాడు. ఆ రోజే మానేశాడని చెప్పను. రెండుసార్లు మానేసి రెండుసార్లు మళ్ళీ పట్టుకున్నాడు. నికోటిన్ పట్టీలు వేసుకున్నాడు, అందరి మీదా విసుక్కున్నాడు. మూడోసారి నిలబడింది. ఆ మొదటి మూడు నెలలూ మామ్మ రోజూ సాయంత్రం రాజు ఆఫీసు నుంచి వచ్చే వేళకి పార్కింగ్ లాట్‌లోకి దిగి, అతనితో కలిసి అపార్ట్‌మెంట్ చుట్టూ నడిచేది. కబుర్లు చెప్పేది కాదు, నడుస్తూ మాట్లాడేంత ఊపిరి లేదు. ఊరికే పక్కన నడిచేది. మొదట్లో ఒక బిల్డింగ్ దాటేసరికి ఆగేది. ఆసుపత్రి వాళ్ళ వ్యాయామం తరగతులు కూడా తోడయ్యాయి. చివరికి మొత్తం కాంప్లెక్స్ చుట్టి, లీజింగ్ ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చుని, రాజు కాలరు దగ్గర ముక్కు పెట్టి, వీపు తట్టింది. ఆ రోజు అతను ఫోన్ చేసి ఆ సంగతి నాకు చెప్పాడు. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినవాడిలా చెప్పాడు.

ఆ తర్వాత ఒక చిక్కు వచ్చిపడింది. వాళ్ళ తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని నడుస్తుంది. అక్కడ మామ్మ తన కణాల కథ చెప్పింది. వారం తిరక్కుండానే పార్సిప్పనీ ఆడవాళ్ళందరూ బ్రకోలి మీద పడ్డారు. సీసాల్లో మొలకలు కట్టారు, వేపుళ్ళు చేశారు, పప్పులో వేశారు. మామ్మ అయితే ఎండురొయ్యల్లో వేసి వండింది. ఒకాయన బ్రకోలి మాత్రలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, ఇక బేఫికర్ అంటూ సిగరెట్లు పెంచాడట. కరుణ భయపడి నాకు ఫోన్ చేసింది.

తర్వాతి ఆదివారం వెళ్ళాను. పాస్టర్‌గారు పది నిమిషాలు ఇచ్చారు. కూర తినండి మంచిదే, మాత్రలు డాక్టర్ని అడక్కుండా వద్దు, పొగ తాగుతూ మొలకలు తినడం అంటే ఒక చేత్తో నిప్పంటిస్తూ రెండో చేత్తో చెంబుడు నీళ్ళు పొయ్యడమే అని చెప్పాను. నా మాటలు జనం మర్యాదగా విన్నారు. అప్పుడు మామ్మ వెనక వరసలోంచి లేచింది. మైకు అక్కర్లేదు ఆవిడకి.

"గడ్డి మేయమని నాను సెప్పలేదు. సుట్ట ఒగ్గేయమన్నాను," అని కూర్చుంది.

అందరూ నవ్వారు. కానీ ఆ రోజు నుంచి ఆరాధన అయ్యాక మామ్మ పార్కింగ్ లాట్‌లో గేటు పక్కన మడతకుర్చీ వేసుకుని కూర్చునేది. కారు ఎక్కాలంటే ఆవిడ ముందునుంచే వెళ్ళాలి, వంగి కాలరు చూపించాలి. పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా చిన్నపిల్లల్లా వంగేవాళ్ళు. వాసన వస్తే తిట్టేది కాదు, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకునేది. తనకి ఎలా ఉండేదో చెప్పేది. మెట్లెక్కలేకపోవడం, పడుకోలేక దిండ్లమీద కూర్చుని తెల్లవార్లూ గాలి కోసం చూడటం. తర్వాత ఎక్కడ అడగాలో చెప్పమని కరుణకో నాకో అప్పజెప్పేది. ఆ కుర్చీని దాటి ఎంతమంది వెళ్ళారో, ఎంతమంది మానేశారో నేను లెక్క ఉంచలేదు. ల్యాబ్‌లో అన్నీ లెక్కపెట్టేదాన్నే కానీ ఇది నాకు తట్టలేదు.

మా పరిశోధన వ్యాసం వచ్చినప్పుడు ప్రింట్ తీసి తీసుకెళ్ళాను. అందులో ఒక బొమ్మలో ఒక్కో మనిషికి ఒక్కో చుక్క ఉంటుంది. ఏది తనదని అడిగింది. చెప్పకూడదు, నియమం అన్నాను. ఆవిడ బొమ్మని కాస్త దూరంగా పట్టుకుని చూసి, ఇంతమంది ఇచ్చారా అని ఆశ్చర్యపోయింది. వాళ్ళెవరో తనకి తెలియదు, తనెవరో వాళ్ళకి తెలియదు. ఆలందరికీ నా దండాలు సెప్పు తల్లీ అంది. ఎలా చెప్పగలను? చెప్తానన్నాను.

అంత్యక్రియల ఆరాధన ఆ అద్దె హాల్లోనే జరిగింది. శవపేటికలో తెల్లచీరతో, కాళ్ళకి స్నీకర్లతో పడుకుని ఉంది. అవి ఉండాల్సిందేనని మనవరాలు పట్టుబట్టిందట. నేను లిండాకి కబురు చెప్తే తనూ వస్తానంది. నల్లకోటు వేసుకుని నా పక్కన కూర్చుంది. ఒక్క మాట అర్థం కాకపోయినా పాటలకి అందరితో పాటు లేస్తూ కూర్చుంటూ ఉంది. పాస్టర్‌గారు వాక్యం చెప్పాక రాజుని పిలిచారు. రాజు నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. కాగితం కూడా రాసుకోలేదు.

"మా అత్తయ్య గురించి నాకు చెప్పడం రాదు. నేను మానేసి నాలుగేళ్ళయింది. ఆవిడ వల్ల మానేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒకసారి లేచి నిలబడండి. ఆవిడకి కనపడతాం."

 ముందు వరసలోంచి, ఆన్‌లైన్‌లో మాత్రలు తెప్పించుకున్న పెద్దాయన బల్ల పట్టుకుని లేచాడు. వెనకాల ఇద్దరు కుర్రాళ్ళు. ఎడిసన్ నుంచి వచ్చే టాక్సీ డ్రైవరు. కుర్చీలు వేసే మనిషి. నేను కలలో కూడా అనుకోని ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ మొగుడు ఆశ్చర్యంగా ఆమెకేసి తలెత్తి చూశాడు. గోడవార నుంచి, తలుపు దగ్గర నుంచి ఒక్కొక్కరే లేస్తున్నారు. రాజు ఏం అడిగాడని లిండా నన్ను అడిగింది. చెప్పాను.

ఆమె హ్యాండ్‌బ్యాగ్ కుర్చీ మీద పెట్టి లేచి నిలబడింది.

ఎనిమిదేళ్ళుగా ఒకే కారిడార్‌లో పనిచేస్తున్నాం. ఆమె పొగ తాగేదని నాకు తెలియదు. ఊపిరితిత్తుల విభాగంలో నర్సు తాగుతుందని ఎవరికైనా ఎలా చెప్పుకుంటుంది? నేను తలెత్తి చూస్తుంటే, నాకేసి చూడకుండానే మెల్లగా అంది. "గొట్టం వేసిన రోజు మత్తు వదిలాక నా వేళ్ళు వాసన చూసి, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. ఒక్క మాట అర్థం కాలేదు. ఏం చెప్తోందో మాత్రం తెలిసింది. ఆ రోజే మానేశాను."

రాజు అందర్నీ చూసి, తల ఊపి, వెళ్ళి మామ్మ పక్కన నిలబడ్డాడు. పాస్టర్‌గారు పాట ఎత్తుకున్నారు. నిలబడ్డవాళ్ళెవరూ కూర్చోలేదు, అలాగే నిలబడి పాడారు. లిండాకి పాట మాటలు రావు, రాగం మాత్రం పట్టుకుంది. ప్రతి చరణం చివరా స్వరం చాలా పొడుగ్గా సాగుతుంది. అంత పొడుగు స్వరాన్నీ చివరిదాకా వాళ్ళు ఒక్క ఊపిరిలో లాగారు.